బస్తాకి దణ్ణం పెట్టకండి!

అన్నవరంలో రత్నగిరి ఎక్కడానికి మెట్లు దాదాపు 460. ఏటా లక్షలమంది వాటిని ఎక్కుతున్నారు, దిగుతున్నారు. వాళ్ళ నడుములు పదిలంగానే వుంటున్నాయి. నా నడుము మాత్రం కొండ కింద, మా ఇంటి వీధి అరుగు మీద, 25 కిలోల బియ్యం బస్తా దగ్గర పడిపోయింది.

అది కార్తీకమాసం. ఈ వూళ్ళో కాపురముండేవాళ్ళకి కార్తీకమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఏడాది పొడుగునా ఫోనైనా చెయ్యని చుట్టాలు కూడా సత్యనారాయణ వ్రతం పేరు చెప్పి దిగుతారు. మా బావమరిది సకుటుంబంగా వచ్చివున్నాడు. కొట్టు కుర్రాడు బస్తా అరుగుమీద పడేసి పోయాడు. “వుండండి బావగారూ, నే పట్టుకొస్తాను” అన్నాడు మా బావమరిది. ఆ మాట అనకపోతే ఈ కథే లేదు. “ఈమాత్రానికి ఇద్దరెందుకోయ్?” అని నేను పంచె ఎగ్గట్టి, కాళ్ళు నిటారుగా వుంచి, విల్లులా వంగి, బస్తా చెవులు రెండూ పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. బస్తా జానెడు లేచింది. నడుములో కటుక్కుమంది. ఆపైన బస్తా నేలమీదా, నేను బస్తామీదా!

కాలేజీలో విరాటపర్వం చెప్పేటప్పుడు ఉత్తరకుమారుడి ప్రగల్భాల ఘట్టం నేను బాగా చెబుతానని పేరుంది. ఆ పేరు మా ఆవిడకి ఆ పూట బాగా పనికొచ్చింది.

నవ్వుకోవలసింది అంతవరకే. మా నాన్నగారికి 78 ఏళ్ళు. అంతకుముందు వేసవిలో పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను జరిగింది. చేతికి ఆసరా ఇస్తే నాలుగడుగులు వేస్తారు గాని, మంచం మీంచి తమంతట తాము లేవలేరు. లేపేది నేను. ఇప్పుడు నేనూ మంచమెక్కాను. మూడోనాటి మధ్యాహ్నం మా ఆవిడ చుట్టాలతో కొండమీద వుంది. నాన్నగారికి దొడ్లోకి వెళ్ళవలసి వచ్చింది. అమ్మ వొక్కతే లేపలేకపోయింది. పక్కింటి కుర్రాడు వచ్చేదాకా ముప్పావు గంట పట్టింది. వాడు వచ్చేసరికి నాన్నగారి పంచె మార్చవలసి వచ్చింది. ఆయన వొక్కమాట అనలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు. పక్కగదిలోంచి అంతా వింటూ కూడా నేను లేవలేకపోయాను.

బరువెత్తడం నేర్చుకోవాలని ఆ మధ్యాహ్నమే నిశ్చయించుకున్నాను. నలభైనాలుగేళ్ళ వయస్సులో, తెలుగు ఎమ్మే చదివి, నేలమీది వస్తువును ఎలా ఎత్తాలో తెలియకుండా బతికానన్నమాట!

డాక్టరుగారు, మేస్త్రీ

కాకినాడలో ఎముకల డాక్టరుగారు పరీక్ష చేసి, కండరం పట్టేసిందే తప్ప ఎముకకి గాని నరానికి గాని దెబ్బ లేదన్నారు. నేను ఇంకో పదిహేను రోజులు పడక తప్పదేమో అనుకుంటుంటే ఆయన కోప్పడ్డారు. మామూలు నడుంనొప్పికి మంచమే మందనుకోవడం పాతకాలపు మాటట. ఓర్చుకోగలిగినంతలో లేచి తిరగడమే మంచిదట. కాలు తిమ్మిరెక్కి పట్టుతప్పినా, మలమూత్రాల మీద అదుపు పోయినా, జ్వరంతోబాటు నడుంనొప్పి వచ్చినా మాత్రం వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలన్నారు. చివర్ని, “నొప్పి తగ్గాక మళ్ళీ బరువుల జోలికి పోనని వొట్టు పెట్టుకోకండి. ఎత్తడం నేర్చుకోండి” అని పంపేశారు.

నా మొదటి గురువు బియ్యం కొట్టు దగ్గర జట్టుకూలీల మేస్త్రీ. వయస్సు అరవైకి దగ్గర. మనిషి సన్నం. 50 కిలోల బస్తా లారీ మీంచి దింపి, మారుమాట లేకుండా కొట్లోకి పట్టుకుపోతాడు. నా కథ విని, “ఏదీ, ఎలా ఎత్తారో వో పాలి సూపించండి మాస్టారూ” అన్నాడు. చూపించాను. నవ్వాడు.

“మీరు బస్తాకి దణ్ణం పెడతన్నారండి. దణ్ణం పెడితే దేవుడు లేత్తాడేమో గాని బస్తా లేవదండి. దాన్ని కావిలించుకోవాలండి, ఆయ్!”

ఆ తరువాత నేను చదివిన పుస్తకాలూ, విన్న పాఠాలూ అన్నీ ఈ వొక్కమాటకి వ్యాఖ్యానాలే.

దగ్గర బరువు, దూరం బరువు

నడుము వెనకవున్న కండరాలకీ, వెన్నుపూసకీ మధ్య దూరం సుమారు 5 సెంటీమీటర్లు. మనం వంగి పట్టుకున్న బస్తా వెన్నుకి 50 సెంటీమీటర్ల ముందు వుందనుకోండి. అది పది రెట్లు దూరం. ఏతాం నడిచే సూత్రమే ఇక్కడా నడుస్తుంది. 25 కిలోల బస్తాకి ఆ కండరాలు 250 కిలోల లాగుడు లాగవలసివుంటుంది. అదే బస్తా 25 సెంటీమీటర్ల దగ్గరకి వస్తే లాగుడు 125 కిలోలకి దిగుతుంది. వంగిన మన మొండెం బరువు దీనికి అదనం. బస్తా మారలేదు, మనిషి మారలేదు, దూరం సగమైతే భారం సగమైంది. మేస్త్రీ చెప్పిన కావలింత ఇదే.

ఇక రెండో గురువు తునిలో జిమ్ము నడిపే కుర్రవాడు. వొకప్పుడు నా క్లాసులో వెనకబెంచీ. ఛందస్సు రాక నాచేత చీవాట్లు తిన్నవాడు. ఇప్పుడు గురుస్థానం అతనిది. “మాస్టారూ, మీకు కావలసింది డెడ్‌లిఫ్టు” అన్నాడు.

పేరు భయంకరమే గాని సంగతి సులువు. చచ్చినట్టు నేలమీద పడివున్న బరువును, మనం నిటారుగా నిలబడేవరకు ఎత్తి, మళ్ళీ నేలమీద పెట్టడం. అంతే. నెత్తిమీదికి ఎత్తనక్కరలేదు. పిల్లవాణ్ణి ఎత్తుకోవడం, నీళ్ళ బిందె లేపడం, గ్యాసుబండ జరపడం, అన్నీ దీని చుట్టాలే. స్క్వాట్, బెంచ్‌ప్రెస్, డెడ్‌లిఫ్ట్ అనే మూడింటితో పవర్‌లిఫ్టింగు పోటీలు జరుగుతాయి. దానికి అంతర్జాతీయ సమాఖ్య 1972లో ఏర్పడింది. 2016లో ఇంగ్లండుకి చెందిన ఎడ్డీ హాల్ అనే బలశాలి 500 కిలోలు ఇలా లేపి, ఆ అంకె అందుకున్న మొదటి మనిషి అయ్యాడు. మనకి పోటీలతో పనిలేదు. మన పోటీ బియ్యం బస్తాతోనే.

మొదటి పాఠం: తలుపు మూయడం

పదిహేను రోజులపాటు మా శిష్యగురువు నాచేత ఇనుము ముట్టనివ్వలేదు. గోడకి వీపుపెట్టి, వొక అడుగు ముందుకి నిలబడమన్నాడు. మోకాళ్ళు కాస్త సడలించి, పిరుదులు వెనక్కి జరిపి గోడకి తగిలించమన్నాడు. వంగేది తుంటి దగ్గర, నడుము దగ్గర కాదు. నాకు పట్టుబడలేదు. ఇంటికొచ్చి సాధన చేస్తుంటే మా ఆవిడ చూసి, “ఇదేం బ్రహ్మవిద్యండీ? రెండుచేతుల్లో గిన్నెలున్నప్పుడు వంటింటి తలుపు వెనగ్గా మూసినట్టు చెయ్యండి” అంది. అంతే, వచ్చేసింది! ఆడవాళ్ళు రోజూ చేసే పనికి మగవాళ్ళు జిమ్ముకి డబ్బు కడతారన్నమాట.

తరవాత చీపురుకర్ర పరీక్ష. కర్రని వీపుమీద నిలువుగా పట్టుకోవాలి. తల వెనక, రెండు రెక్కల మధ్య, వెన్ను చివర, ఈ మూడుచోట్లా కర్ర తగలాలి. అలా తగిలివుండగానే తుంటి దగ్గర వంగి లేవాలి. ఏ వొక్కచోట కర్ర ఎడమైనా వీపు గూనిపోయిందనో, తల ఎత్తేశామనో అర్థం. అద్దం చెప్పని నిజం కర్ర చెబుతుంది.

కడ్డీ దగ్గర క్రమం

ఒలింపిక్సు బరువుల పోటీలలో వాడే కడ్డీ మగవాళ్ళకి 20 కిలోలు, ఆడవాళ్ళకి 15 కిలోలు. పెద్ద పళ్ళేల అడ్డుకొలత 45 సెంటీమీటర్లు. అందువల్ల కడ్డీ నేలకి 22.5 సెంటీమీటర్ల ఎత్తున వుంటుంది. చిన్న పళ్ళేలు వేసుకుంటే కడ్డీ మరీ కిందికి దిగి, కొత్తవాళ్ళకి వీపు గూనిపోతుంది. అప్పుడు పళ్ళేల కింద రెండు పీటలు పెట్టుకుని ఎత్తు సరిచేసుకోవాలి. ఇక క్రమం వినండి.

మొదటిది, పాదాలు. తుంటి వెడల్పున నిలబడండి. కడ్డీ పాదం నడిమిభాగం మీదుగా, అంటే బూటు ముడి వేసేచోటికి సూటిగా వుండాలి. మెత్తటి అట్టల బూట్లు పనికిరావు. వొట్టికాళ్ళు గాని, పలచని గట్టి అట్ట గాని మేలు.

రెండోది, పట్టు. తుంటిని వెనక్కి నెట్టి వంగి, కాళ్ళకి కాస్త బయటగా కడ్డీ పట్టుకోండి. చేతులు మోకులనుకోండి. మోకు కట్టడానికే గాని లాగడానికి కాదు. మోచేతులు వంచితే బరువు వాటిమీద పడుతుంది. వొక అరచేయి ముందుకీ, వొకటి వెనక్కీ పట్టే పద్ధతి కద్దు. బరువు బాగా పెరిగేదాకా దాని అవసరం లేదు.

మూడోది, కాళ్ళు. కడ్డీని కదపకుండా, మోకాళ్ళు ముందుకి వంచి ముంగాళ్ళని కడ్డీకి తాకించండి. పిరుదులు బస్కీ తీసినంత కిందికి దించకండి.

నాలుగోది, బిగింపు. రొమ్ము ముందుకి పెట్టి వీపు చదునుచెయ్యండి. మా వూరి పురోహితులు పంచాంగాన్ని చంకలో ఎలా బిగిస్తారో చూశారా? రెండు చంకల్లోనూ చెరొక పంచాంగం వున్నట్టు బిగించండి. కడ్డీ శరీరానికి ఎడం కాకుండా కాపాడేది ఈ బిగింపే. అప్పుడు పొట్టనిండా గాలి పీల్చి, ఎవరో పొట్టలో గుద్దబోతున్నట్టు గట్టిచెయ్యండి. రక్తపోటు వున్నవాళ్ళు ఊపిరి బిగబట్టకూడదు. డాక్టరు నడిగి, తేలిక బరువుతో, లేచేటప్పుడు ఊపిరి వదులుతూ చెయ్యాలి.

అయిదోది, లేవడం. కడ్డీని పైకి లాగుతున్నామనుకోకండి. నేలని కాళ్ళతో కిందికి తొక్కుతున్నామనుకోండి. తుంటీ భుజాలూ వొక్కసారే లేవాలి. కడ్డీ ముంగాళ్ళనీ తొడలనీ రాసుకుంటూ పైకి రావాలి. నిటారుగా నిలబడ్డాక పని అయిపోయింది. ఫొటోకి నిలబడ్డట్టు వెనక్కి విరుచుకోవద్దు.

ఆరోది, దించడం. దెబ్బలు తగిలేది చాలామందికి ఇక్కడే. ముందు తుంటి వెనక్కి వెళ్ళాలి. కడ్డీ మోకాళ్ళు దాటాకనే మోకాళ్ళు వంచాలి. దించడం ఎత్తడమంత శ్రద్ధగా జరగాలి.

తప్పులు చెబుతాను, నావే

కొత్తవాడు చేసే తప్పులన్నీ చేశాను గనుక అధికారంతో చెప్పగలను. పిరుదులు ముందులేచి, భుజాలు వెనకబడితే కాళ్ళ పని నడుము మీద పడుతుంది. బరువు ఎక్కువైనా, కాళ్ళ బిగింపు తక్కువైనా ఇలా జరుగుతుంది. కడ్డీ రెండంగుళాలు ముందుకి జరిగితే ఇందాకటి ఏతాం లెక్క మళ్ళీ మొదలవుతుంది. బిగువు పుట్టకముందే కుదిపి లాగితే వీపు గూనిపోతుంది. కాబట్టి ముందు కడ్డీలోని సడలు తీసి, చేతులు తాడులా బిగిశాక నేలని తొక్కాలి. తలెత్తి అద్దం చూడకూడదు, రెండు బారల ముందు నేలమీద చూపు చాలు. మన పక్కకి ఎవరినైనా నిలబెట్టి ఫోనులో చిత్రం తీయించుకుంటే ఈ తప్పులన్నీ వొక్కచూపులో కనిపిస్తాయి.

వీటన్నిటికీ పెద్దన్న అహంకారం. 30 కిలోలతో మొదలుపెట్టి నాలుగు నెలల్లో 60 కిలోలకి వచ్చాను. వొకనాడు మా కాలేజీ కుర్రాళ్ళిద్దరు జిమ్ములో కనిపించారు. శిష్యగురువు అటు తిరగ్గానే 80 కిలోలు వేయించాను. ఎత్తాను కూడా. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. మర్నాడు చెప్పులు వేసుకోవడానికి వంగలేకపోయాను. పదిహేను రోజులు పోయింది. “మాస్టారూ, గణం తప్పితే పద్యం కొట్టేసేవారు గదా మీరు. ఇదీ అంతే” అన్నాడు శిష్యుడు. ఛందస్సు రాకపోయినా కుర్రవాడికి అలంకారం వచ్చింది.

వారంలో ఎక్కడ ఇరికించాలి?

పెద్దవాళ్ళు వారంలో కనీసం రెండురోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వుంది. అరవైఅయిదు దాటినవాళ్ళనీ మినహాయించలేదు. నడక మంచిదే. కాని నడక వొక్కటే బస్తా ఎత్తించదు.

నేను పెట్టుకున్న పద్ధతి ఇది. సోమవారం సాయంత్రం డెడ్‌లిఫ్టు, దాని తరవాత దండీలు. గురువారం బస్కీలు, అవి అయ్యాక తేలికబరువుతో రొమేనియన్ డెడ్‌లిఫ్టు. ఇందులో కడ్డీ నేలకి ఆనదు. మోకాళ్ళు కొద్దిగా మాత్రమే వంచి, తొడ వెనక కండరం సాగేవరకు మోకాలి కిందికి దించి లేపాలి. 1984 ఒలింపిక్సులో బంగారు పతకం గెలిచిన రొమేనియా దేశస్థుడు నీకూ వ్లాద్ చేస్తుండే వ్యాయామమని ఆ పేరు వచ్చింది. శనివారం కొండ మెట్లు. మిగిలిన రోజులు నడకా విశ్రాంతీ.

సోమవారం డెడ్‌లిఫ్టే ముందు చేస్తాను. అలిసిపోయాక చేస్తే మొదట చెడేది వీపు నిలకడ. బరువైన డెడ్‌లిఫ్టుకి మర్నాడు బరువైన బస్కీలు పెట్టుకోకూడదు. రెండూ అవే కండరాలని అడుగుతాయి. అయిదు నిముషాలు నడిచి, తేలిక బరువుతో 8 సార్లు, అసలు బరువులో సగంతో 5 సార్లు, ముప్పాతికతో 3 సార్లు ఎత్తితే వొళ్ళు వేడెక్కుతుంది. ఆపైన అసలు బరువు. 5 సార్ల చొప్పున 3 వాయిలు. వాయికీ వాయికీ మధ్య రెండుమూడు నిముషాలు విశ్రాంతి. ఇంకో రెండుసార్లు ఎత్తగలిగే శక్తి మిగిలివుండగానే ఆపెయ్యాలి. వొంట్లో కుదిరితే వారానికి 2.5 కిలోలు పెంచవచ్చు. రూపు చెడితే పదోవంతు తగ్గించాలి. ఆరేడు వారాలకి వొక వారం తేలిగ్గా పోనివ్వాలి. ఆరంభశూరత్వానికి ఇక్కడ తావులేదు.

తెల్లవారి లేస్తూనే ఎత్తకండి. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య చక్రికలు నీరు పీల్చుకుని వుబ్బుతాయి. లేచి గంటైనా తిరిగితే అవి సర్దుకుంటాయి. అన్నట్టు కండ పెరగడానికి తిండి కావాలి. పప్పూ, పెరుగూ, అలవాటున్నవాళ్ళకి గుడ్డూ పళ్ళెంలోకి రానివ్వండి. నిద్ర తగ్గించుకుని వ్యాయామం చేస్తే అప్పుచేసి దానం చేసినట్టే.

జిమ్ము లేని వూళ్ళో మాటేమిటంటారా? పది కిలోల బియ్యం సంచీని చిన్న పీటమీద పెట్టి, రెండు పాదాల మధ్య వుంచుకుని ఎత్తి దించండి. క్రమం అదే. రెండు బక్కెట్లలో నీళ్ళు పోసి, మధ్య నిలబడి రెండూ వొక్కసారే లేపండి. వారంవారం వొక్కో చెంబు నీళ్ళు కలపండి. చవకైన వ్యాయామశాల మీ దొడ్లోనే వుంది.

మనకి కొత్తది కాదు

ఇదంతా ఎక్కడినుంచో వచ్చిన విద్య అనుకునేరు! మన తాలింఖానాల్లో దండీలు, బస్కీలు, గదలు వుండేవి. శ్రీకాకుళం వైపు వూళ్ళలో పండగలకి సంగిడి రాళ్ళు ఎత్తే పందేలుంటాయి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు రొమ్ముమీద ఏనుగును నిలబెట్టుకుని దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1963లో వచ్చిన నర్తనశాలలో భీముడుగా కనిపించిన దండమూడి రాజగోపాలరావుగారు 1948 లండను ఒలింపిక్సులో మనదేశం తరఫున బరువులెత్తినవారే.

ఆడవాళ్ళకెందుకీ బరువులని అడిగే పెద్దలకి వొక్క తేదీ చెబితే చాలు. 2000 సెప్టెంబరు 19. సిడ్నీలో శ్రీకాకుళంజిల్లా వూసవానిపేట ఆడబడుచు కరణం మల్లీశ్వరి 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచుపతకం తెచ్చింది. ఒలింపిక్సులో ఆడవాళ్ళకి బరువుల పోటీ పెట్టడం అదే మొదలు. ఒలింపిక్సు పతకం గెలిచిన మొదటి భారతస్త్రీ ఆమే. విజయనగరంజిల్లా కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్తు క్రీడల్లో పతకం గెలిచింది. ఒకనాడు నేరస్థ జాతుల చట్టం కింద జనాన్ని తెచ్చి కట్టడిచేసిన స్టూవర్టుపురం నుంచి రాగాల వెంకట రాహుల్ వెళ్ళి 2018లో గోల్డ్‌కోస్టులో 338 కిలోలతో బంగారం తెచ్చాడు. వాళ్ళ పోటీ ఎత్తులు వేరు. అవి నెత్తిమీదికి పోతాయి. కాని నేలమీంచి బరువు లేచే మొదటి క్షణం మాత్రం వాళ్ళకీ మనకీ వొక్కటే.

మా ఆవిడ ఈ కథలన్నీ విని, “అయితే నా కడ్డీ ఎక్కడ?” అంది. ఇప్పుడామె గురువారాలు 35 కిలోలు ఎత్తుతోంది. తలుపు మూసే విద్య ముందే వచ్చు గనుక, నాకు పట్టిన పదిహేను రోజులు ఆమెకి పట్టలేదు.

అసలు బరువు

నాన్నగారి బరువు 62 కిలోలు. నా కడ్డీ 65 కిలోలు దాటిననాడు నాకు కలిగిన సంతోషం ఎవరితోనూ చెప్పలేదు. ఇక పరవాలేదనుకున్నాను. కాని మనిషి కడ్డీ కాడు. ఆయనకి నొప్పి వుంటుంది, భయం వుంటుంది, అంతకుమించి అభిమానం వుంటుంది.

అంతవరకూ నేను ఆయన చంకలకింద చేతులు వేసి గుంజేవాణ్ణి. అది తప్పట. పెద్దవాళ్ళ భుజాల కీళ్ళు దెబ్బతింటాయి. వాళ్ళ చేతులు మన మెడచుట్టూ వేయించుకోవడం ఇంకా తప్పు. మన మెడ విరుగుతుంది. ఆపరేషను తరువాత వ్యాయామం చేయించేందుకు వచ్చినామె సరైన పద్ధతి చూపించింది. మంచం మోకాలెత్తుకి వుండాలి. ముందు ఆయన్ని అంచుకి జరగనివ్వాలి. పాదాలు నేలమీద పూర్తిగా ఆనాలి, కాస్త వెనక్కి వుండాలి. నడుముకి వెడల్పాటి పటకా కట్టి మనం దాన్ని పట్టుకోవాలి. మన వొక కాలు ఆయన కాళ్ళ మధ్య, రెండోది బయట. మన తుంటి వెనక్కి, వీపు చదును, మనిషి దగ్గర. ఆయన్ని ముందుకి వాలమని, లెక్కపెట్టి, ఆయన లేస్తుండగా మనం లేవాలి. ఆయన చేయగలిగినంత ఆయన్నే చెయ్యనివ్వాలి. బొత్తిగా లేవలేనివాళ్ళని వొక్కళ్ళూ లేపబోకూడదు. ఇద్దరుండవలసిందే.

మొదటిసారి అలా లేపిననాడు ఆయన నిలబడి, వొక్కక్షణం నా పటకా పట్టు చూసి, “ఇవాళ కుదుపు లేదురా అబ్బాయ్” అన్నారు. ఇన్నాళ్ళూ కుదుపు వుండేదని, వోర్చుకున్నారని అప్పుడు తెలిసింది. నా నడుము గురించి నేనెంత గొడవ చేశాను! ఆయన భుజాల గురించి ఆయన ఎన్నడూ అనలేదు.

మొన్న కార్తీకంలో ఘాటురోడ్డు మీద కారులో ఆయన్ని కొండకి తీసుకువెళ్ళాం. వ్రతానికి కుర్చీలో కూర్చోబెట్టాం. ప్రసాదం ఆకుపొట్లం వొళ్ళో పెట్టుకుని, లేచే వేళకి నాకంటే ముందు ఆయనే లెక్కపెట్టారు: “ఒకటి, రెండు, మూడు.” లేచి నిలబడ్డాం, ఇద్దరమూ.

ఇంటికి వచ్చేసరికి అరుగుమీద బియ్యం బస్తా వుంది. మా బావమరిది చొక్కా చేతులు మడుస్తున్నాడు. “వుండు తమ్ముడూ, దానికి దణ్ణం పెట్టకు” అని మా ఆవిడ కొంగు దోపుకుని, దాన్ని కావిలించుకుని లోపలికి పట్టుకుపోయింది.